గేమింగ్ ఆటా, ఉద్యోగమా? మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో ఈస్పోర్ట్స్ గురించి, అంటే పోటీ పెట్టి ఆడే వీడియో గేముల గురించి, నాలుగు ముక్కలు రాశాం, దాని మీద వచ్చిన ఉత్తరాలతో ఈసారి శీర్షిక మొత్తం నిండిపోయింది. సగం తల్లిదండ్రులవి, సగం పిల్లలవి. ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే ఇంటి నుంచి ఇద్దరు రాసినట్టు అనిపించినవి కూడా కొన్ని ఉన్నాయి. పేర్లు తీసేసి, ఒకేలా ఉన్నవాటిని కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: మా వాడికి పదహారేళ్లు. "నాన్నా, ఆసియా క్రీడల్లో పతకాలు కూడా ఇస్తున్నారు, ఇంకా ఇది స్పోర్ట్ కాదంటే ఎలా?" అని వాదిస్తాడు. కుర్చీలో కూర్చుని వేళ్లు ఆడించేది ఆట ఎలా అవుతుందండీ? ఆటంటే చెమట పట్టాలి, ఆయాసం రావాలి. కాస్త తేల్చి చెప్పండి.
(ఒక తండ్రి)

జవాబు: తేల్చే చెబుతాను, నచ్చకపోతే నన్ను తిట్టుకోండి. మీవాడు చెప్పిందే నిజం, పోటీ పెట్టి ఆడితే అది ఆటే. చెమట పట్టడమే కొలమానం అనుకుంటే షూటింగ్‌ని ఏం చేస్తారు? 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లోనే ఉన్న పోటీ అది, అందులో ఎంత కదలకుండా నిలబడగలిగితే అంత మొనగాడు. చదరంగం సమాఖ్య ఫిడేని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1999లోనే గుర్తించింది, అక్కడ కదిలేవి పావులు మాత్రమే. పైగా 2025లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో చెస్‌ని కూడా ఒక పోటీగా పెడితే మాగ్నస్ కార్ల్‌సన్ వచ్చి గెలిచి వెళ్లాడు. మౌస్ పట్టుకుని ఆడాడని ఆయన్ని ఆటగాడు కాదనలేం కదా.

పతకాల మాట కూడా అబద్ధం కాదు. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ఈస్పోర్ట్స్‌ని ప్రదర్శన పోటీగా పెట్టారు, పతకాల పట్టికలో లెక్కలేదు. కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యంగా 2023లో హాంగ్‌జౌలో జరిగిన క్రీడల్లో మాత్రం ఏడు గేముల్లో అసలు పతకాలే ఇచ్చారు. స్ట్రీట్ ఫైటర్‌లో స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్ వూకి అప్పటికి 44 ఏళ్లు, కాబట్టి పిల్లకాయల వ్యవహారం అని కొట్టేయడానికీ లేదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో స్వర్ణం తెచ్చిన కొరియా జట్టులో ఫేకర్ అనే పేరుతో ప్రపంచమంతా ఎరిగిన లీ సాంగ్ హ్యోక్ ఉన్నాడు. ఆ జట్టు వాళ్లకి తప్పనిసరి సైనిక సేవ నుంచి మినహాయింపు దొరికింది, మిగతా క్రీడల్లో ఆసియా స్వర్ణం తెచ్చినవాళ్లకి ఆ దేశం ఇచ్చే మినహాయింపే ఇదీ. చైనా అయితే 2003లోనే ఈస్పోర్ట్స్‌ని క్రీడల జాబితాలో చేర్చుకుంది. అమెరికా 2013లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆటగాళ్లకి క్రీడాకారుల వీసా ఇవ్వడం మొదలుపెట్టింది.

అయితే మీ అనుమానం పూర్తిగా వట్టిది కాదు, మీరు దాన్ని పట్టుకున్న చోటే సరిగ్గా లేదు. చెమట దగ్గర కాకుండా యజమాని దగ్గర పట్టుకోండి. ఫుట్‌బాల్‌కి యజమాని లేడు. ఒక సమాఖ్య నచ్చకపోతే బంతి కొనుక్కుని పక్క మైదానంలో ఇంకో లీగ్ పెట్టుకోవచ్చు, ఎవడూ కాదనడు. ఈ గేముల సంగతి అలా కాదు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ రయట్ సంస్థ ఆస్తి, డోటా వాల్వ్ ఆస్తి. నియమాలు వాళ్లవే, మైదానం వాళ్లదే, ఒక్క అప్‌డేట్‌తో మీవాడు మూడేళ్లు సాధన చేసిన ఎత్తుగడ పనికిరాకుండా పోవచ్చు. టోర్నమెంట్ పెట్టాలన్నా, ప్రసారం చేయాలన్నా వాళ్ల అనుమతి కావాలి. 2013లో ఇవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్స్ పోటీలో స్మాష్ బ్రదర్స్ మెలీ అనే తన గేమ్ ప్రసారం చేయొద్దని నింటెండో అడ్డుపడింది. అభిమానులు గోల చేశాకే వెనక్కి తగ్గింది. 2018 డిసెంబర్‌లో బ్లిజార్డ్ సంస్థ హీరోస్ ఆఫ్ ద స్టార్మ్ అనే తన గేమ్ లీగ్ వచ్చే ఏడాది ఉండదని ఒక ప్రకటన ఇచ్చేసి చేతులు దులుపుకుంది. దాని మీదే బతుకుతున్న ఆటగాళ్లు, కోచ్‌లు, వ్యాఖ్యాతల్లో చాలామందికి ఆ సంగతి అందరితో పాటు ఆ ప్రకటన చదివాకే తెలిసింది. ఏ క్రికెటర్‌కీ, ఏ రన్నర్‌కీ ఈ భయం ఉండదు, వాళ్ల ఆటని ఎవరూ స్విచ్ నొక్కి ఆపేయలేరు.

ఒలింపిక్ కమిటీ ఇన్నేళ్లుగా ఊగిసలాడటానికి ఇదొక కారణం, చంపుకోవడం ఉన్న గేముల మీద వాళ్లకున్న ఇబ్బంది ఇంకో కారణం. 2024లో సౌదీ అరేబియాతో 12 ఏళ్లకి ఒప్పందం చేసుకుని ఒలింపిక్ ఈస్పోర్ట్స్ గేమ్స్ అన్నారు, తొలి పోటీలు 2025లో అని 2027కి జరిపారు, చివరికి 2025 అక్టోబర్‌లో ఆ ఒప్పందమే వదులుకున్నారు.

కాబట్టి ఆటే అని మీవాడి దగ్గర ఒప్పేసుకోండి, ఆ గొడవ అక్కడితో పోతుంది. ఆ తర్వాత "సరే, దీంతో బతకడం ఎలా?" అని అడగండి. పతకాలు చూపించి ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కుదరదు, మీవాడికి కూడా ఆ సంగతి లోపల తెలిసే ఉంటుంది.

ప్రశ్న: ఈ ఆటగాళ్లకి గాయాలు కూడా అవుతాయంటే మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. నిజంగా అవుతాయా?

జవాబు: అవుతాయి. మణికట్టు, మోచేయి, భుజం, మెడ, నడుము. స్టార్‌క్రాఫ్ట్ లాంటి గేముల్లో పెద్ద ఆటగాళ్లు నిమిషానికి 300కి పైగా కీలు, క్లిక్కులు కొడతారు, అదీ రోజుకి ఎనిమిది పది గంటలు, ఏళ్ల తరబడి. ఇప్పుడు చెప్పిన ఫేకరే 2023లో చేతి నొప్పితో కొన్ని వారాలు ఆటకి దూరంగా ఉన్నాడు, అతను లేని ఆ రోజుల్లో జట్టు చాలా మ్యాచ్‌లు ఓడిపోయింది. చైనాలో ఉజీ అనే పేరున్న ఆటగాడు 2020లో, 23 ఏళ్లకే, టైప్ 2 మధుమేహం, చేతి సమస్యల వల్ల రిటైర్ అవుతున్నానన్నాడు. తర్వాత మళ్లీ ఆడాడు అనుకోండి, అది వేరే సంగతి. పెద్ద జట్లు ఫిజియోలనీ, స్పోర్ట్స్ సైకాలజిస్టులనీ పెట్టుకుంటున్నాయి. మీ ఫ్రెండ్స్‌ని నవ్వనివ్వండి, మీరు మాత్రం గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి.

ప్రశ్న: నాకు 18 ఏళ్లు. మా గేమ్ సర్వర్ ర్యాంకుల్లో టాప్ 500లో ఉన్నాను, రోజుకి పది గంటలు ఆడతాను. ఒక ఏడాది చదువు ఆపేసి పూర్తిగా దీని మీద పెడదామనుకుంటున్నా. బుఘా అనే ఫోర్ట్‌నైట్ ఆటగాడు 16 ఏళ్లకే 30 లక్షల డాలర్లు గెలిచాడు కదా. ఇంట్లో ఒప్పుకోవట్లేదు. మీరైనా నా వైపు మాట్లాడండి.

జవాబు: తమ్ముడూ, టాప్ 500 అంటే చిన్న విషయం కాదు, ఆ మాట ముందు చెప్పాలి. ఇప్పుడు మిగతాది విను.

బుఘా గెలిచింది 2019 ఫోర్ట్‌నైట్ వరల్డ్ కప్‌లో సోలో టైటిల్. ఆ ఏడాది క్వాలిఫయర్లలో 4 కోట్ల మందికి పైగా ఆడారని ఆ గేమ్ సంస్థే చెప్పుకుంది. సోలో ఫైనల్‌లో కూర్చున్నది వంద మంది. ఆ వందో వాడికి కూడా 50 వేల డాలర్లు వచ్చాయి, బాగుంది. కానీ ఆ వంద మంది తర్వాత ఉన్నవాళ్ల పేర్లు నీకు ఒక్కటైనా తెలుసా? నీ లెక్కలో వాళ్లు లేరు, అసలు లెక్క అంతా వాళ్లదే.

పైగా ప్రైజ్ మనీ అనేది ఒక ఏడాది ఉన్నట్టు ఇంకో ఏడాది ఉండదు. డోటా 2 పెద్ద టోర్నమెంట్ ది ఇంటర్నేషనల్‌లో 2021లో మొత్తం బహుమతి 4 కోట్ల డాలర్లు దాటింది, గెలిచిన టీమ్ స్పిరిట్‌కి ఒక్కదానికే కోటీ 82 లక్షలు. 2023కి వచ్చేసరికి మొత్తం కలిపి 30 లక్షల చిల్లర. ఎందుకంటే ఆ డబ్బులో ఎక్కువ భాగం అభిమానులు గేమ్‌లో కొనుక్కునే వస్తువుల అమ్మకం నుంచి వచ్చేది, వాల్వ్ ఆ పద్ధతి మార్చింది, అంతే. ఆటగాళ్లు బాగా ఆడకపోవడం వల్ల తగ్గలేదు, ఆట చూసేవాళ్లు రాత్రికి రాత్రి మాయమవ్వలేదు, యజమాని ఒక నిర్ణయం తీసుకున్నాడు.

నిలకడగా బతకాలంటే ప్రైజ్ మనీ కాకుండా జీతం కావాలి. జీతం ఇచ్చేది టీమ్, ఆ టీమ్‌కి డబ్బు ఎక్కువగా స్పాన్సర్ల నుంచి వస్తుంది. స్పాన్సర్లు తగ్గితే జట్లే మూతపడతాయి, గత కొన్నేళ్లలో చాలా మూతపడ్డాయి కూడా. ఫేజ్ క్లాన్ అనే పెద్ద పేరున్న సంస్థ 2022లో 70 కోట్ల డాలర్ల పైచిలుకు విలువ కట్టుకుని అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టయింది, తర్వాతి ఏడాదే అందులో పిసరంత విలువకి ఇంకో కంపెనీకి అమ్ముడుపోవడానికి ఒప్పుకుంది. ఓవర్‌వాచ్ అనే గేమ్ లీగ్ 2018లో నగరాల పేర్లతో జట్లు, పెద్ద ఫ్రాంచైజీ ఫీజులు అంటూ ఆర్భాటంగా మొదలై 2023తో అయిపోయింది.

వయసు సంగతి కూడా ఉంది. ఫేకర్ 1996లో పుట్టాడు, 2025లో కూడా వరల్డ్స్ (లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ పోటీ) గెలిచాడు, మొత్తం ఆరు టైటిళ్లు. అతన్ని చూపించి నాకూ పదేళ్లు ఉన్నాయి అనుకోకు, ఈ రంగంలో ఎక్కువమంది ఇరవైల మధ్యలోనే పక్కకి తప్పుకుంటున్నారు. అంటే నీ దగ్గర చదువు లేకుండా, డబ్బు కూడా లేకుండా పాతికేళ్లు వచ్చి నిలబడే అవకాశం బాగానే ఉంది. ఇది భయపెట్టడానికి రాయడం లేదు, మీ ఇంట్లోవాళ్లు నోరు తెరిచి సరిగ్గా చెప్పలేకపోతున్న మాట ఇదే.

ఇప్పుడు నీ వైపు మాట్లాడతాను. సోలో ర్యాంక్ వేరు, టీమ్‌లో ఆడటం వేరు. ర్యాంక్ చూపించి ఎవరూ జీతం ఇవ్వరు. ఓపెన్ క్వాలిఫయర్లలో ఒక టీమ్‌తో కలిసి ఎంత దూరం వెళ్లావు? నీకంటే పై స్థాయి టీమ్ ఎవరైనా స్క్రిమ్స్‌కి (సాధన మ్యాచ్‌లకి) పిలిచారా, ట్రయల్ ఇచ్చారా? ఓడిపోయిన మ్యాచ్ రికార్డింగ్ కూర్చుని చూసుకునే అలవాటు ఉందా, లేక వెంటనే ఇంకో మ్యాచ్‌కి క్యూ కొట్టేస్తావా? పది గంటలు ఆడటంలో సాధన ఎంత, అలవాటు ఎంత అని నిన్ను నువ్వే అడుగు. నా మాట అడిగితే, చదువు ఆపకుండా ఈ ఏడాది పోటీలు ఆడు. ఎవరైనా జీతంతో కూడిన ఒప్పందం చేతికిస్తే, ఆ రోజు చదువుకి విరామం ఇచ్చే విషయం ఇంట్లో ధైర్యంగా మాట్లాడు. అప్పటిదాకా ఆపేయడానికి నీ దగ్గర కారణం లేదు, కోరిక మాత్రమే ఉంది.

ఒప్పందం వస్తే మాత్రం ప్రతి పేజీ చదువు, అర్థం కాకపోతే లాయర్‌కి చూపించు. ప్రైజ్‌లో నీ వాటా ఎంత, నీ ఆటని నువ్వు ఆన్‌లైన్‌లో లైవ్‌గా చూపిస్తే (స్ట్రీమ్ చేసుకుంటే) వచ్చే డబ్బులో వాళ్లకి ఎంత, వేరే టీమ్ పిలిస్తే బయటికి రావడానికి ఎంత కట్టాలి, జీతం ఆలస్యమైతే ఏంటి. 2019లో ట్ఫూ అనే ఫోర్ట్‌నైట్ ఆటగాడు తన ఒప్పందం అన్యాయంగా ఉందని తన టీమ్ మీద కోర్టుకెళ్లాడు, 2020లో రాజీ కుదిరింది. అతనికి కోర్టుకి వెళ్లే స్తోమత ఉంది కాబట్టి వెళ్లాడు.

ప్రశ్న: మా ఆయన ఉద్యోగం మానేసి గేమ్ స్ట్రీమింగ్ పెట్టుకుంటానంటున్నారు. కొన్ని నెలలుగా రాత్రిళ్లు చేస్తున్నారు. చూసేది పన్నెండు మంది, అందులో ఇద్దరు మా మరుదులే. అడిగితే "ఇదీ స్పోర్ట్సే, దీంట్లో కోట్లు సంపాదిస్తున్నారు" అంటారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు రెండింటినీ విడదీద్దాం. పోటీల్లో ఆడటం క్రీడ. స్ట్రీమింగ్ క్రీడ కాదు, వినోదం అమ్మే వ్యాపారం. టీవీ యాంకర్ పని, హాస్య కళాకారుడి పని, దుకాణదారుడి పని కలిపి ఒక్క మనిషే చేస్తాడు. గొప్పగా ఆడేవాళ్లు ఎందరో స్ట్రీమర్లుగా ఎవరికీ పట్టరు, ఓ మాదిరిగా ఆడుతూ చక్కగా కబుర్లు చెప్పేవాళ్ల దగ్గర వేలమంది కూర్చుంటారు. కాబట్టి మీ ఆయన ఆట ఎంత బాగుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. మూడు గంటలు ఆగకుండా మాట్లాడుతూ, ఎవరూ చూడని రోజు కూడా నవ్వుతూ ఉండగలరా అన్నదే లెక్క.

కోట్లు సంపాదించేవాళ్లు ఉన్నారు, కాదనను. 2021 అక్టోబర్‌లో ట్విచ్ అనే లైవ్ స్ట్రీమింగ్ సైట్ లోపలి డేటా బయటికి పొక్కినప్పుడు ఎవరికి ఎంత వెళ్తోందో ప్రపంచమంతా చూసింది. పైన ఉన్న గుప్పెడు ఛానెళ్లకి లక్షల డాలర్లు, కింద ఉన్న లక్షలాది మందికి చిల్లర. దీనికి కారణం ఉంది. లైవ్ సైట్లలో ఒక గేమ్ పేరు నొక్కితే సాధారణంగా ఎక్కువమంది చూస్తున్న ఛానెల్ పైన కనిపిస్తుంది, తక్కువమంది చూస్తున్నది ఎక్కడో అడుగున ఉంటుంది. అడుగుదాకా దిగి చూసే ఓపిక ఎవరికుంటుంది? అందుకే ఇప్పుడు పైకి వచ్చినవాళ్లలో చాలామంది లైవ్‌లో పెరగలేదు, చిన్న చిన్న క్లిప్పులు వేరేచోట పెట్టి అక్కడి నుంచి జనాన్ని తెచ్చుకున్నారు.

వచ్చే డబ్బులో కూడా కోత ఉంటుంది. ట్విచ్‌లో మామూలు స్ట్రీమర్‌కి సబ్‌స్క్రిప్షన్ డబ్బులో సగమే దక్కుతుంది. యూట్యూబ్‌లో మెంబర్‌షిప్ డబ్బులో 70 శాతం, పెద్ద వీడియోల మీద యాడ్ ఆదాయంలో 55 శాతం ఇస్తారు, కానీ ఆ యాడ్ వాటా మొదలవ్వాలంటే మామూలు వీడియోల దారిలో ముందు వెయ్యిమంది సబ్‌స్క్రయిబర్లు, ఏడాదిలో 4 వేల గంటల వీక్షణ ఉండాలి. ఆపైన పన్ను, కంప్యూటర్, ఇంటర్నెట్ ఖర్చు. నిజానికి చాలామందికి ఇల్లు గడిచేది స్పాన్సర్ల వల్ల, స్పాన్సర్ వచ్చేది జనం వచ్చాక.

ఇక్కడ కూడా మైదానం ఇంకొకళ్లదే. 2019లో నింజా అనే అప్పటి పెద్ద స్ట్రీమర్‌ని మైక్రోసాఫ్ట్ తన మిక్సర్ వేదిక మీదికి తెచ్చుకుంది. ఏడాది తిరక్కుండా 2020 జూలైలో మిక్సర్‌నే మూసేసింది. నింజాకి ఏం కాలేదు, పెద్ద ఒప్పందం ఉంది. అతని వెనకే ఆ వేదిక మీద ఏళ్లుగా పన్నెండుమందితో మొదలుపెట్టి పెంచుకుంటూ వచ్చిన చిన్నవాళ్లు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టారు.

మీ ఆయన్ని మానమని చెప్పకండి, మానమంటే పంతం వస్తుంది. ఉద్యోగం ఉంచుకుని వారానికి మూడు రోజులు, ఒకే టైముకి చేయమనండి. మీరిద్దరూ కూర్చుని ఒక కాగితం మీద మూడు నెలల లెక్క రాయండి: కొత్తవాళ్లు ఎంతమంది వచ్చారు, వచ్చినవాళ్లు మళ్లీ వచ్చారా, రూపాయి వచ్చిందా. మరుదులిద్దరినీ తీసేసి లెక్కపెట్టండి. ఉద్యోగం జీతంలో సగమైనా ఏడాది పాటు నెలనెలా దీని నుంచి వస్తుంటే, అప్పుడు మానేసే మాట ఎత్తడం న్యాయం.

ప్రశ్న: నేను అమ్మాయిని, 20 ఏళ్లు, స్ట్రీమ్ చేస్తాను, చిన్న ఛానెలే గానీ పెరుగుతోంది. చాట్‌లో వచ్చే బూతులు చూసి ఇంట్లో ఆపేయమంటున్నారు. ఆట బాగా ఆడినా "నీ బదులు ఎవరో ఆడుతున్నారు" అంటారు.

జవాబు: చెల్లెమ్మా, ఆ మాటలు నీ ఆట గురించి కావు, పట్టించుకోకు అని చెప్పడం తేలిక, రోజూ చదివేది నువ్వు. అందుకే చేయాల్సిన పనులు చెబుతాను. చాట్ చూసుకోవడానికి నమ్మకమైన ఇద్దరు మోడరేటర్లని పెట్టుకో, బూతుల జాబితా ఫిల్టర్‌లో నువ్వే వేసుకో, ఫోన్ నంబర్ ధృవీకరించుకున్నవాళ్లే రాయగలిగేలా సెట్టింగ్ ఉంటుంది, అది పెట్టు. 2021లో ట్విచ్‌లో గుంపులు గుంపులుగా వచ్చి ద్వేషం కక్కే దాడులు ఎక్కువైతే, సెప్టెంబర్ 1న చాలామంది స్ట్రీమర్లు ఒకరోజు స్ట్రీమ్ ఆపి నిరసన తెలిపారు. ఆ తర్వాతే ఇలాంటి సదుపాయాలు కొన్ని వచ్చాయి, అడిగితేనే వచ్చాయన్నమాట. కిటికీ, వీధి, కాలేజీ గుర్తులు కెమెరాలో పడకూడదు. ఛానెల్‌కి వేరే ఈమెయిల్ వాడు. బెదిరింపు దాకా వెళ్తే స్క్రీన్‌షాట్లు దాచి పోలీసు ఫిర్యాదు చెయ్, ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పు. వాళ్లు ఆపేయమనేది ఎక్కువగా ఏం జరుగుతోందో తెలియక పుట్టిన భయంతో. ఒకరోజు అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మోడరేటర్ ఎలా పనిచేస్తాడో చూపించు.

ప్రశ్న: మా బాబుకి 13 ఏళ్లు. రోజూ నాలుగైదు గంటలు గేమ్. పిలిస్తే "మధ్యలో ఆపలేను" అని అరుస్తాడు. ఇది వ్యసనమా? డాక్టర్‌కి చూపించాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: గంటలు చూసి వ్యసనం అని తేల్చలేమమ్మా. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, అది 2022 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో చూసేది ఇది: ఆట మీద అదుపు పోవడం, మిగతా అన్నిటికంటే ఆటే ముందుండటం, చదువు, నిద్ర, స్నేహాలు దెబ్బతింటున్నా ఆపలేకపోవడం. అదీ మామూలుగా ఏడాది పాటు కొనసాగితే. మీ బాబు స్కూలుకి వెళ్తూ, తింటూ, నిద్రపోతూ, స్నేహితులతో కలుస్తూ ఉంటే అది అలవాటు పెద్దదవడమే. నిద్ర పోయి, మార్కులు పడిపోయి, ఆట లేనప్పుడు మనిషే మారిపోతుంటే డాక్టర్‌కి చూపించడంలో ఆలస్యం వద్దు.

"మధ్యలో ఆపలేను" అన్నది మాత్రం చాలావరకు నిజం. ఆన్‌లైన్‌లో ఐదుగురు చొప్పున రెండు జట్లుగా పదిమంది ఆడే మ్యాచ్‌కి పాజ్ ఉండదు, వదిలేస్తే జట్టులో మిగతా నలుగురూ ఓడిపోతారు, వదిలినవాడికి గేమ్ శిక్ష కూడా వేస్తుంది. అందుకే "ఇప్పుడే ఆపు" అనకుండా "ఇది అయ్యాక ఇంకోటి మొదలుపెట్టకు" అనండి, ఒక్క మ్యాచ్ ఎంతసేపో తెలుసుకుని దాన్నిబట్టి పిలవండి. సగం అరుపులు తగ్గుతాయి. దేశాలకి దేశాలే దీంతో తలపట్టుకున్నాయి. దక్షిణ కొరియా 2011లో 16 ఏళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ గేమ్ ఆడకూడదని చట్టం పెట్టి, పదేళ్లయ్యాక తీసేసింది. చైనా 2021లో 18 లోపు వాళ్లకి శుక్ర, శని, ఆదివారాల్లో రోజుకి ఒక్క గంట అంది. ఇంట్లో మీరు పెట్టే నియమం ఇంతకంటే తెలివిగానే ఉంటుంది, కాకపోతే అది వాడితో కూర్చుని పెట్టాలి.

ప్రశ్న: నా రిఫ్లెక్సులు అంత గొప్పవి కావు, ప్రో ఆటగాడిని కాలేను. కానీ ఈ రంగమంటే ఇష్టం. ఆడకుండా ఇందులో పని దొరుకుతుందా?

జవాబు: ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న. దొరుకుతుంది. వ్యాఖ్యాతలు కావాలి, వాళ్లని కాస్టర్లు అంటారు. మ్యాచ్‌లో ఏ క్షణం ఏ ఆటగాడి తెర చూపించాలో నిర్ణయించే అబ్జర్వర్లు కావాలి, క్రికెట్ ప్రసారంలో కెమెరా డైరెక్టర్ చేసే పని అది, మంచివాళ్లు చాలా తక్కువ. కోచ్‌లు, గణాంకాలు చూసే అనలిస్టులు, టోర్నమెంట్ రిఫరీలు, వీడియో ఎడిటర్లు, సోషల్ మీడియా చూసేవాళ్లు. వీటిలో ఎక్కువ టోర్నమెంట్‌కి ఇంత అని ఇచ్చే పనులే, నెల జీతం తక్కువ. అయినా ఆటగాడి కంటే ఇందులో ఆయుష్షు ఎక్కువ, ఎడిటింగో, ప్రొడక్షనో నేర్చుకుంటే ఈ రంగం మందగించినా వేరే చోట పనికొస్తుంది. చిన్న టోర్నమెంట్లకి, కాలేజీ పోటీలకి ఊరికే కాస్టింగ్ చేసి రికార్డింగ్ దాచుకో, రేపు పని అడిగేటప్పుడు అదే నీ సర్టిఫికెట్. చదువుకి కూడా దారులున్నాయి, 2014లో అమెరికాలో రాబర్ట్ మోరిస్ యూనివర్సిటీ ఇల్లినాయ్ ఈస్పోర్ట్స్ ఆటగాళ్లకి స్కాలర్‌షిప్ ఇవ్వడం మొదలుపెట్టింది, తర్వాత చాలా కాలేజీలు అదే పని చేశాయి.

ప్రశ్న: మా మామయ్య దృష్టిలో ఇదంతా ఆన్‌లైన్ జూదమే. ఈస్పోర్ట్స్‌కీ జూదానికీ తేడా ఏంటో ఆయనకి అర్థమయ్యేలా చెప్పండి.

జవాబు: నైపుణ్యంతో గెలిచే పోటీలో ఆడి బహుమతి తీసుకోవడం ఒకటి, ఆ పోటీ మీద పందెం కాయడం ఇంకొకటి, చేతిలో ఏ కార్డు పడుతుందో దాని మీద డబ్బు పెట్టడం మూడోది. ఈస్పోర్ట్స్ మొదటిది. ఇంత చెప్పాక కూడా మీ మామయ్యని పూర్తిగా తప్పుబట్టలేను, ఎందుకంటే రెండోది దీని పక్కనే తిరుగుతూ ఉంటుంది. కౌంటర్‌స్ట్రైక్ అనే గేమ్‌లో తుపాకులకి వేసే రంగుల స్కిన్లని చిప్పుల్లా వాడుకుని పందేలు నడిపే సైట్లు పుట్టుకొస్తే, వాల్వ్ 2016లో వాటికి ఆపమని నోటీసులు పంపాల్సి వచ్చింది, అందులో పందెం కాసినవాళ్లలో మైనర్లు కూడా ఉన్నారు. పందెం ఉన్నచోట మ్యాచ్ ఫిక్సింగ్ కూడా వచ్చింది. దక్షిణ కొరియాలో లైఫ్ అనే పేరుతో ఆడిన కుర్రాడు 2014లో స్టార్‌క్రాఫ్ట్ 2 ప్రపంచ విజేత. డబ్బు తీసుకుని మ్యాచ్‌లు అమ్మినందుకు 2016లో కోర్టు అతనికి శిక్ష వేసింది, ఆట నుంచి జీవితకాలం నిషేధించారు.

మీ మామయ్యతో మాట్లాడేటప్పుడు ఇవేవీ దాచకండి, అలాంటివి లేవని బుకాయిస్తే మిగతా మాట కూడా వినరు. క్రికెట్‌లో కూడా ఫిక్సింగ్ జరిగింది, ఆయన క్రికెట్ చూడటం మానేశారా అని అడగండి. గేమ్‌లో ఎవరైనా "డబ్బు పెట్టు, రెట్టింపు వస్తుంది" అని లింక్ పంపితే మాత్రం మీరూ ఆయన మాటే వినండి.